దొంగ అంకె

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. తూకాలావిడ అంటేనే తెలుస్తుంది. మొగుడు తూకాలాయన. పోనీ వాళ్లకేమైనా పచారీ కొట్టుందా అంటే అదీ లేదు. ఇద్దరూ పెద్ద చదువులు చదివి ఊరి చివర పరిశోధనా సంస్థలో ఉద్యోగాలు చేసేవాళ్లు. ఈ పేరు తగిలించిన ఘనత మేడ కింద మిషను పెట్టుకున్న దర్జీది. వాళ్లు ఆ ఇంట్లో కొత్తగా దిగినప్పుడు, "మీరేం పని చేస్తారు సార్?" అని అడిగాడు.

"తూకం వేస్తాం" అన్నాడు ఆయన.

"ఏంటి, బంగారమా?"

"కాదయ్యా, కనపడనివి."

దర్జీ నోట్లోంచి గుండుసూదులు తీసి చేత్తో పట్టుకుని మరీ ఆలోచించాడు. "కనపడనివాటికి తూకమెందుకు సార్? మీరెంత చెప్పినా కాదనేవాడు ఉండడుగా!" అన్నాడు. ఆయన పగలబడి నవ్వాడు. సాయంత్రానికల్లా వీధి వీధంతా ఆ పేరు పాకిపోయింది.

వాళ్లు తూచేది న్యూట్రినో అనే రేణువుని. పేరు చూసి బెదిరిపోనక్కర్లేదు. సూర్యుడిలోంచి, చుక్కల్లోంచి, అసలు సృష్టి మొదలైన క్షణంలోంచి లెక్కలేనన్ని పుట్టుకొచ్చి, గోడల్లోంచీ కొండల్లోంచీ మన ఒంట్లోంచీ దూసుకుపోతూనే ఉంటాయి. ఒక్కటైనా ఆగి మనల్ని పలకరించదు, అంత పొగరు వాటికి. మూడు రకాలున్నాయి. బరువుందని తెలుసు, ఎంతో తెలియదు. ఆ ‘ఎంతో’ కోసం మొగుడూ పెళ్లాం ఇద్దరూ తమ వయసంతా ధారపోశారు. అదేం చోద్యం అని మనం బుగ్గన వేలేసుకోవచ్చుగానీ, వాళ్లకి మాత్రం అంతకంటే తియ్యటి పని ఇంకోటి లేదు.

ఆవిడకి ఈ పిచ్చి చిన్నప్పుడే పట్టుకుంది. వాళ్ల నాన్న సరుకుల గోదాములో గుమాస్తా. అక్కడి కాటా మీద తన పిల్లిని తూచాలని ఆ పిల్ల ముచ్చటపడింది. పిల్లి ఒక్కచోట కూర్చుంటేగా! దింపడం, అది పారిపోవడం, వెంటపడటం, తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి పిల్లిని చంకనెత్తుకుని తనే కాటా ఎక్కింది. తర్వాత పిల్లిని వదిలేసి ఉత్తి చేతులతో ఎక్కింది. తగ్గిందెంతో అదే పిల్లి బరువు. "ఓసి గడుగ్గాయీ, పిల్లి పారిపోయినా దాని బరువు మాత్రం నీ దగ్గరే ఉంచేసుకున్నావే!" అన్నాడు వాళ్ల నాన్న. ఆ మాట ఆవిడ ఎంతమందికి చెప్పుకుందో లెక్కలేదు.

తూకాలాయన చేసేదీ దాదాపు అదే. ట్రిటియం అని ఒక రకం హైడ్రోజన్ ఉంది. అది తనంతట తనే విరిగి, ఒక ఎలక్ట్రాన్‌నీ ఒక న్యూట్రినోనీ బయటికి తోస్తుంది. ఉన్న శక్తిని అవి రెండూ పంచుకోవాలి. ఎలక్ట్రాన్ ఎంత ఆశపోతుదైనా మొత్తం మింగేయలేదు. న్యూట్రినో బరువుకి సరిపడా శక్తి వదిలిపెట్టి తీరాలి. ఆ వదిలిందెంతో పట్టుకుంటే చాలు, తూకం తేలినట్టే. కానీ మింగగలిగినంతా మింగి అంచుదాకా వెళ్లే ఎలక్ట్రాన్లు కోట్లలో ఒకటి కూడా ఉండవు. వాటికోసం ఇంటికన్నా పెద్ద ఉక్కు పీపా ఒకటి కట్టి, లోపలి గాలంతా తోడేసి, ఏళ్ల తరబడి కాపు కాశారు. ఆ పీపాని ఆయన "మా ముసల్ది" అనేవాడు. పంపు ఎక్కడైనా కారితే, "ఇవాళ ముసల్దానికి ఆయాసంగా ఉందోయ్" అని అన్నం దగ్గర కూడా దిగులుపడేవాడు.

ఆవిడ దారి వేరు. పీపా లేదు, పంపు లేదు, ఆకాశమే ఆవిడ కాటా. గెలాక్సీలు గుంపులు గుంపులుగా కూడుకుంటుంటే న్యూట్రినోలు మాత్రం ఎక్కడా నిలవకుండా జారుకుంటాయి. వాటి బరువు ఎక్కువైన కొద్దీ ఆ గుంపులు పల్చబడతాయి. కాబట్టి లక్షల గెలాక్సీలు ఎక్కడెక్కడ ఎంతెంత దగ్గరగా చేరాయో లెక్కగడితే, మూడు రకాల న్యూట్రినోల బరువూ కలిపి ఎంతకి మించదో చెప్పొచ్చు. ఇక ఎంతకి తగ్గకూడదో వేరే ప్రయోగాలవాళ్లు అప్పటికే చెప్పేశారు. ఈ రేణువులు ఒక రకం నుంచి ఇంకో రకంలోకి మారిపోతూ ఉంటాయి, ఆ మార్పుని బట్టి బరువుల మధ్య తేడాలు తెలిశాయి. అంటే ఇంటికి నేల దొరికింది, పైకప్పు ఎంత ఎత్తులో ఉందో తెలియాలి. మొగుడు ఒక వైపు నుంచీ పెళ్లాం ఒక వైపు నుంచీ ఆ కప్పుని కిందికి దించుకుంటూ వస్తున్నారు.

దర్జీ రోజూ పొద్దున్నే అడిగేవాడు: "తూకం తేలిందా అమ్మా?"

"ఇంతకంటే తక్కువ అని మాత్రం చెప్పగలం నాయనా."

"ఇదెక్కడి గోలమ్మా! నడుము ఫలానాకంటే తక్కువ అంటే నేను ప్యాంటు కుట్టేదెట్లా?"

ఆవిడ నవ్వుకుంటూ బస్సెక్కేది.

ఇంట్లో ఇద్దరికీ ఒకటే గది, రెండు బల్లలు, వీపూ వీపూ ఆనుకునేంత దగ్గరగా. పెళ్లైన కొత్తలోనే ఒక ఒప్పందం చేసుకున్నారు. ప్రపంచంలో ఏదైనా మాట్లాడుకోవచ్చుగానీ, ఎవరి అంకె వాళ్లదే, రెండోవాళ్లకి చెప్పకూడదు. రెండు వైపుల నుంచి వేరువేరుగా తూచి, రెండూ ఒకచోటికొస్తేనే ఆ తూకానికి విలువ. ఒకరి అంకె ఒకరి చెవినపడితే, చెయ్యి తెలియకుండానే అటు లాగుతుంది. అందుకని పిల్లల్లేని ఆ ఇంట్లో, ఇద్దరికీ ప్రాణంతో సమానమైన సంగతి ఒక్కటే మాటల్లోకి రాకుండా ఉండిపోయింది. దెప్పుకోవడానికి మాత్రం అడ్డేమీ లేదు. "మీ ఆకాశం ఒట్టి అబద్ధాలకోరు" అనేవాడు ఆయన. "మీ ముసల్దానికి చత్వారం" అనేది ఆవిడ.

ఆవిడ వాళ్ల బృందంలో ఇంకా కఠినమైన కట్టుబాటు ఉంది. లెక్క చేసేవాళ్లకి కూడా జవాబు కనపడకూడదు. మనిషి బుద్ధి పాడుది కదా, అనుకున్న అంకె రాకపోతే తప్పుల కోసం భూమ్యాకాశాలు వెతుకుతుంది, అనుకున్నది వచ్చిందంటే చేతులు దులిపేసుకుంటుంది. అందుకని మొదట్లోనే కొలతలకి ఒక దొంగ అంకెని కలిపేస్తారు. అది ఎంతో ఒక్క మనిషికే తెలుసు, ఆ మనిషి లెక్క జోలికి రాడు. మిగతావాళ్లంతా ఆ దొంగ అంకె కలిసిన లెక్కతోనే ఏళ్లకేళ్లు కుస్తీపడి, ఇక ఏ తప్పూ లేదని నమ్మకం కుదిరాక, అందరూ ఒకచోట కూర్చుని దాన్ని తీసేస్తారు. దాన్నే పెట్టె తెరవడం అంటారు. అప్పుడు ఏదొస్తే అది. తర్వాత దిద్దడానికి లేదు. దొంగ అంకె దాచే పని అక్కడి పెద్దాయన ఒకరిది. అందరూ ఆయన్ని తాళం బాబాయి అనేవాళ్లు.

ఆ ఏడు పెట్టె తెరవడానికి ముహూర్తం దగ్గరపడింది. అప్పుడే పైవాళ్లు ఉక్కు పీపా సంగతి కూడా తేల్చేద్దామన్నారు. ఆకాశంవాళ్ల అంకె మరీ చిన్నదైతే, అంత తేలికదాన్ని తూచడం పీపా వల్ల కాదు, ఇక దాన్ని నడపడం దండగ, విప్పేయొచ్చు అని వాళ్ల లెక్క. అంటే తూకాలాయన ముసల్దాని ఆయుష్షు ఇప్పుడు వీపు వెనకాల కూర్చున్న పెళ్లాం చేతిలో ఉంది. ఆయన టీ గ్లాసు చేతిలో చల్లారిపోయేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం ఆవిడ కంటపడుతూనే ఉంది.

ఆ రోజుల్లోనే ఆయనకి కడుపులో నొప్పి మొదలైంది. మొదట అజీర్ణం అన్నాడు. తర్వాత నీరసం అన్నాడు. పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి ఫలితాలకి రమ్మన్న రోజు ఆవిడ కూడా బయల్దేరింది. "నువ్వెందుకోయ్, నీకు పనుంది. చెల్లి వస్తుందిలే" అని ఆపేశాడు. ఆయన చెల్లెలికి ఆ పక్క వీధిలోనే మందుల షాపు. ఆసుపత్రి భాష ఆమెకి బాగా తెలుసు కాబట్టి ఆవిడ సరేనంది.

సాయంత్రం అన్నాచెల్లెళ్లు తిరిగొచ్చారు. ఆడపడుచు నేరుగా వంటింట్లోకెళ్లి టీ పెట్టడం మొదలుపెట్టింది. ఆయన ఆవిడని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మంచిది కాదోయ్. కాలేయం దాకా పాకిందట."

"ఎంత... ఎంతకాలం అన్నాడు డాక్టరు?"

"రెండు మూడేళ్లు అన్నాడు. మందులు పడితే ఇంకాస్త లాగొచ్చు. ఏడవకు, ఇప్పుడే పోవట్లేదుగా!"

ఆవిడ ఏడ్చింది. ఆయన భుజం మీద తల పెట్టి, చొక్కా తడిసిపోయేలా ఏడ్చింది. ఉద్యోగానికి సెలవు పెట్టేస్తానంది. ఆయన కసిరాడు. "ఇన్నేళ్లు చేసి అంచుకొచ్చాక మానేస్తావా? ముందు నీ పెట్టె తెరువు. తర్వాత ఎంతసేపైనా నా మొహమే చూస్తూ కూర్చో, ఎవరొద్దన్నారు!" వంటింట్లో గిన్నె కిందపడిన చప్పుడైంది. "చెయ్యి జారింది వదినా" అంది ఆడపడుచు.

రెండు మూడేళ్లు అన్న మాటని ఆవిడ గట్టిగా పట్టుకుంది. ఆ ఆసరాతోనే రోజూ పనికి వెళ్లొచ్చింది. మందులెక్కించే రోజు తనూ ఆసుపత్రికి వెళ్లేది. డాక్టరు ఆవిడ ఎదుట మాత్రలు, తిండి, నిద్ర గురించే చెప్పేవాడు. ఆయన మొహం పీక్కుపోతోందని ఆవిడకి తెలుస్తూనే ఉంది. మందుల వేడి అనుకుంది. ఒకసారి భయమేసి, పైనుంచి కిందిదాకా ఎగాదిగా చూసింది. ఆయన చొక్కా ప్యాంటులోకి దోపుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ప్యాంటు నడుము దగ్గర ఎప్పటిలాగే చక్కగా అతికినట్టుంది. చూసేవాళ్ల కన్ను మోసం చేస్తుందిగానీ కొలత చెయ్యదు కదా అని తనకి తనే నచ్చజెప్పుకుంది. కొలతల మనిషి మరి, అలాగే అనుకుంటుంది.

ఒక మధ్యాహ్నం ఆయన మంచం మీద పడుకునే అడిగాడు.

"ఏమోయ్, ఎక్కడిదాకా వచ్చింది?"

"దగ్గరపడింది."

"ఎంత?"

ఆవిడ కుర్చీ తిప్పుకుని చూసింది. పెళ్లైనప్పటి నుంచి ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. "ఏంటండీ కొత్తగా? నాకే తెలియదు. దొంగ అంకె తియ్యకుండా నాకు మాత్రం ఏం కనిపిస్తుంది?"

"తాళం బాబాయిని అడిగితే చెప్తాడుగా, మన మనిషే."

"చాల్లెండి! నాలుగు వారాలు ఓపిక పట్టలేరా?"

"పోనీ ఎక్కువా తక్కువా, అదైనా చెప్పవోయ్. మా ముసల్దానికి పని ఉంటుందా ఉండదా?"

ఆవిడకి జాలేసింది, నవ్వూ వచ్చింది. చిన్నపిల్లాడిలా అడుగుతున్నాడనుకుంది. దగ్గరికెళ్లి దుప్పటి సర్ది, "అదీ చెప్పను. నోరు మూసుకుని పడుకోండి. ఆ రోజు అందరికంటే ముందు మీకే చెప్తా, సరేనా?" అంది.

"సరే" అన్నాడు ఆయన. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఆ వారంలోనే తాళం బాబాయి ఆయన్ని చూడటానికొచ్చాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, మీ ఆయన మొహం చూస్తే నాకు బాగాలేదు. కావాలంటే మిగతావాళ్లతో మాట్లాడి పెట్టె కాస్త ముందే తెరిపిస్తాను."

ముందు తెరవడమంటే మిగిలిన పరీక్షలు వదిలేయడమే. మొగుడి పీపా కోసం పెళ్లాం తొందరపడిందని రేపు ఎవడైనా అంటే, అందరి కష్టం గంగలో కలిసినట్టే. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "వద్దు బాబాయి గారూ. ఇంకా రెండు మూడేళ్లుందని డాక్టరు చెప్పాడు. నాలుగు వారాల్లో ఏం మునిగిపోతుంది?"

బాబాయి చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు.

మునిగిపోవాల్సింది ఆ నాలుగు వారాల్లోనే మునిగిపోయింది. పెట్టె తెరవడానికి ఇంకా వారం ఉందనగా, ఒక ఉదయం ఆయన లేవలేకపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి, నోరెండిపోయి, నీళ్లడిగాడు. నీళ్లు తాగాక నిద్రపోయాడు. మధ్యాహ్నానికి ఊపిరాగిపోయింది. ఆవిడ డాక్టరు చొక్కా పట్టుకున్నంత పనిచేసింది. "రెండు మూడేళ్లన్నారు కదండీ! మీరే అన్నారు కదండీ!" డాక్టరు తలదించుకున్నాడు. ఆడపడుచు వదినని వెనక నుంచి వాటేసుకుని బయటికి తీసుకొచ్చింది.

పెట్టె తెరిచే రోజు వాయిదా వేద్దామని బృందంవాళ్లు అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఇంట్లో ఆ రెండో బల్ల వైపు చూడలేక, తప్పించుకోవడానికే వెళ్లింది. గది నిండా జనం. బరువు సున్నా కంటే తగ్గదు కాబట్టి, లెక్క అంతకంటే కిందికి పోకుండా కంప్యూటరుకి ముందే ఒక గోడ కట్టేయొచ్చు. అలా కట్టొద్దని పట్టుబట్టింది ఆవిడే. వెనకటి తరం పీపాలు కూడా ఒకప్పుడు సున్నా కిందికి జారిపోతేనే వాటిలో తప్పులు బయటపడ్డాయని ఆయన ఏదో పోట్లాటలో చెప్పాడు. "ఎటుపోతుందో పోనీ, ఆపితే దాని రోగమేంటో ఎలా తెలుస్తుంది?" అన్నాడు అప్పుడు.

తాళం బాబాయి దొంగ అంకెని చదివాడు. ఆవిడే దాన్ని తీసేసింది. తెర మీది గీత కదిలి, ఎడమవైపుకి జరిగి, తగ్గకూడని నేలని దాటి, సున్నాని కూడా దాటి కిందికెళ్లి ఆగింది.

మూడు న్యూట్రినోలూ కలిపి ఏమీ లేనిదానికంటే తక్కువ తూగుతున్నాయని చెబుతోంది ఆకాశం. అలాంటి బరువు లోకంలో ఉండదు. గెలాక్సీల కొలతలోనో, ఆకాశం ఎలా పెరిగిందని మనం నమ్ముతున్నామో అందులోనో, ఎక్కడో పెద్ద తిరకాసుంది. అది తేలడానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అప్పటిదాకా ఆకాశం మాట పట్టుకుని పీపాని విప్పడం కుదరదు. న్యూట్రినోని చేత్తో పట్టి తూచినట్టు తూచే దిక్కు అదొక్కటే.

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ముసల్దాన్ని ఇక ఎవరూ ముట్టుకోలేరమ్మాయ్. మీ ఆయన ఉంటే ఎగిరి గంతేసేవాడు."

ఆవిడ లేచి బయటికొచ్చి, ఆవరణలో పీపా ఉన్న షెడ్డుదాకా నడిచింది. లోపల పంపులు ఆడుతూనే ఉన్నాయి. మీ ఆకాశం ఒట్టి అబద్ధాలకోరు అని ఆయన అన్న ప్రతిసారీ తను మూతి తిప్పుకుంది. ఇవాళ ఆయన మాటే నెగ్గింది, నెగ్గిన మనిషే లేడు. అక్కడే గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడి, తర్వాత బస్సు పట్టుకుంది.

వీధి మలుపులో దర్జీ అలవాటు కొద్దీ "తూకం తే..." అని నోరు తెరిచి నాలిక్కరుచుకున్నాడు.

"తేలింది నాయనా" అంది ఆవిడ.

దర్జీ మిషను ఆపేసి లేచాడు. లోపలి నుంచి ఒక పొట్లం తెచ్చి రెండు చేతులా పట్టుకున్నాడు. "సార్‌ది అమ్మా. పోయినవారం ఇచ్చి వెళ్లారు. ఎలా ఇవ్వాలో తెలియక ఉంచేశాను."

విప్పి చూస్తే ఆయన బూడిద రంగు ప్యాంటు. నడుము దగ్గర లోపలికి మడిచి కొత్తగా కుట్టిన కుట్లు. వాటి పక్కనే పాత కుట్లు విప్పిన సూది గుర్తులు, వాటి పక్కన ఇంకా పాతవి.

"ఇదేంటి?"

దర్జీ కళ్లు నేల మీద పెట్టాడు. "చిక్కిపోయిన కొద్దీ తెచ్చి నడుము తగ్గించమనేవారమ్మా. ప్యాంటులన్నీ అంతే. ‘వదులైతే ఆవిడకి తెలిసిపోతుంది, నీకు పుణ్యముంటుంది, చెప్పకు’ అన్నారు. పెద్దాయన అడిగితే కాదనలేకపోయాను. తప్పు చేశానా అమ్మా?"

ఆవిడ ప్యాంటు గుండెకి అదుముకుని మెట్లెక్కింది. ఆడపడుచు తలుపు తీసింది. వదిన చేతిలో ఉన్నదేంటో చూసింది, మొహం చూసింది.

"పెట్టె తెరిచారా వదినా?"

"తెరిచాం."

"అయితే ఇక నాదీ తెరవాలి" అని ఆమె అక్కడే గుమ్మంలో కూలబడి భోరుమంది. "డాక్టరు చెప్పింది రెండు మూడేళ్లు కాదు వదినా. రెండు మూడు నెలలు. మిగిలిందంతా అన్నయ్య కలిపాడు. మీవాళ్లు కలిపే దొంగ అంకె లాంటిదేనట. డాక్టరు కాళ్లావేళ్లా పడి ఒప్పించాడు. నాచేత ఒట్టేయించుకున్నాడు. ‘మీ వదిన పెట్టె తెరిచేదాకా నువ్వే తాళం, తెరిచిన రోజు చెప్పెయ్’ అన్నాడు."

"ఎందుకు? ఎందుకు చెప్పలేదు నాకు?"

"తెలిస్తే మీరు ఆగేవాళ్లా? ‘నాకోసం ముందే తెరిచేస్తుంది, తర్వాత దాని మాట ఎవరూ నమ్మరు, ఇన్నేళ్ల కష్టం నా మూలంగా చెడుతుంది’ అన్నాడు."

ఆవిడ గోడ పట్టుకుని నిలబడింది. నిజమే, తెలిస్తే ఆగేది కాదు. కట్టుబాటూ లేదు, పాడూ లేదు, ఆ రోజే బాబాయి ఇంటికి పరిగెత్తి, అంకె పట్టుకొచ్చి ఆయన చెవిలో పోసేది. నాలుగు వారాల్లో ఏం మునిగిపోతుంది అన్న తన గొంతు తనకే వినపడింది. అన్నీ తెలిసీ ఆయన ఒకే ఒక్కసారి నోరు తెరిచి అడిగాడు. తను దుప్పటి సర్దింది.

"నేను చెప్పనన్న రోజు" అంది చివరికి, "నీతో ఏమైనా అన్నారా?"

ఆడపడుచు చెంగుతో మొహం తుడుచుకుంది. "సాయంత్రం నేనొచ్చినప్పుడు చెప్పాడు. ‘అడిగి చూశానే, గట్టిది, కదల్లేదు’ అని నవ్వాడు. ఎంత గర్వంగా నవ్వాడో వదినా! తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోయాడేమోనని నేను దీపం తీసేయబోతే, ‘ఉండనీవే, తెలిస్తే బాగుండేది’ అన్నాడు."

ఆవిడ గదిలోకి వెళ్లింది. రెండు బల్లల మధ్యగా నడిచి, ఆయన మంచం మీద, ఆయన పడుకున్న వైపే, గోడకి ఎదురుగా పడుకుంది. ప్యాంటు ఇంకా చేతిలోనే ఉంది. అందరికంటే ముందు మీకే చెప్తానని మాటిచ్చింది. ఇవాళ గదినిండా ఉన్న జనమంతా చూసేశారు, బాబాయి చూశాడు, దర్జీకి కూడా తేలిందని చెప్పేసింది.

"సున్నా కంటే తక్కువొచ్చిందండీ" అంది గోడతో. "మా ఆకాశం అబద్ధాలకోరే. మీ ముసల్దానికి ఇంకా బోలెడు పనుంది."

పక్క గదిలో ఆడపడుచు ఏడుపు ఆపుకోలేక కుళాయి తిప్పింది. ఆ నీళ్ల చప్పుడు చాలాసేపు అలాగే వినిపించింది.